వెల్లకిలా

మే నెలాఖరుకి లారెల్ నాబ్ స్టేట్ పార్కు గేటు తీస్తారు.
ఒకటో నంబరు సైటులో మా పాత ట్రైలర్.
అద్దె లేదు, కరెంటు ఉచితం.
బదులుగా మా ఆయన ఎమ్మెట్ పొద్దున్నే
నలభై రెండు నెగళ్ళ బూడిద ఎత్తిపోస్తాడు.
నేను కట్టెలమ్ముతాను, మోపు ఆరు డాలర్లు,
ఎలుగుబంట్ల సంగతి అందరికీ ఒక్కలాగే చెబుతాను:
తిండి కారులో పెట్టండి, టూత్‌పేస్టు కూడా తిండే.

బూడిద చూసి మనుషుల్ని చెబుతాడాయన.
వీళ్ళు పచ్చికట్టె పెట్టి రాత్రంతా పోట్లాడుకున్నారు.
ఇతనెవరో ఒంటరిగా వచ్చాడు, ఉత్తరాలు కాల్చాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గు తవ్విన చెయ్యి,
నలుపులో తేడాలు దానికి తెలుసు.

కొండెక్కడు.
మూడు మైళ్ళ పైన కార్చిచ్చు కనిపెట్టే బురుజుంది,
అక్కణ్ణుంచి రెండు రాష్ట్రాలు కనిపిస్తాయట.
మోకాళ్ళ దాకా బురదతో దిగొచ్చినవాళ్ళు చెబితే వింటాడు.
ఆయన ఊపిరితిత్తుల్లో గని ఇంకా మూతపడలేదు.
ట్రైలర్‌కి మూడే మెట్లు. రెండో దాని మీద ఆగి
ఏదో మర్చిపోయినట్టు జేబులు తడుముకుంటాడు.
నేను నమ్మినట్టే ఉంటాను.

సరస్సు దగ్గరా అంతే,
మడత కుర్చీలో, బూట్లు విప్పకుండా.
ఈత రాదు. మా లోయలో ఏరు గని తుప్పుతో
నారింజరంగులో పారేది,
అందులో దిగమని ఏ తల్లి చెబుతుంది?

జులైలో ఒహాయో నుంచి దిగారు పద్నాలుగో సైటులో,
ఒక తల్లి, మేనమామ, తొమ్మిదేళ్ళ టెస్సా.
ముందు పన్ను లేదు, నోటికి మూత లేదు.
"నువ్వెందుకు దిగవు?"
"మునుగుతా."
"మునగడానికే చాలా కష్టపడాలి.
తేలడానికేముంది, ఊపిరి పీల్చుకుని పడుకోవడమే."

ఊపిరి పీల్చుకుని.
కట్టెలు లెక్కపెడుతున్నదాన్ని లెక్క తప్పాను.

మూడు రోజులు ఏమీ జరగలేదు. ఒకరోజు వాన.
ఇంకోరోజు రకూన్లు వాళ్ళ రొట్టె మొత్తం ఎత్తుకుపోతే
మాది పట్టుకెళ్ళి ఇచ్చాడు.
తిరిగొచ్చేసరికి బూట్లు చేతిలో ఉన్నాయి.

శుక్రవారం సాయంత్రం
పడవలకి గొలుసులు వేస్తున్న వేళ
పనిప్యాంటుతోనే దిగాడు, నడుంలోతు దాకా.
కొండనీళ్ళు, జులైలోనూ పళ్ళు కొరికే నీళ్ళు.
వీపు కింద ఆ పిల్ల అరచెయ్యి,
మేపుల్ ఆకంత ఉంటుందేమో,
అది మోసేదేమిటి చెప్పండి.
చెవులు మునిగాయి. గడ్డం పైకి లేచింది.
"పీల్చు," అంది.
పీల్చగలిగినంత పీల్చాడు,
ఆ ఈల ఒడ్డున నాకు వినబడింది.
"ఇక లెక్కపెడతా."

పదకొండు.
పదకొండు దాకా తేలి, కాళ్ళవైపు నుంచి మునిగి,
దగ్గుతూ ఉమ్ముతూ తిడుతూ లేచాడు.
పిల్లకి కొత్త తిట్లు నాలుగు వచ్చాయి.
వాళ్ళమ్మ ఏమనుకుందో.

రాత్రి, తీగ మీద తడిప్యాంటు కారుతోంది.
చాలాసేపటికి అన్నాడు:
"నాలుగో నంబరు గనిలో పైకప్పు రెండున్నర అడుగులే.
వెల్లకిలా పడుకునే తవ్వేవాళ్ళం,
ముక్కుకి మూరెడు దూరంలో కొండ.
కళ్ళు మూసుకుంటే అక్కడే ఉన్నాననుకున్నా.
చెవుల్లో అదే హోరు, వీపు కింద అదే చలి.
ఆ పిల్ల 'ఏడు' అన్నప్పుడు తెరిచా."

తెరిస్తే? అని నేను అడగలేదు.
నిప్పులో ఒక కట్టె పక్కకి ఒరిగింది.

పొద్దున్నే వాళ్ళు వెళ్ళిపోయారు, గుడారం మేకొకటి మర్చిపోయి.
పారతో పద్నాలుగో సైటుకెళ్ళి
ఖాళీ పారతో తిరిగొచ్చాడు.
ఏం చెప్పింది బూడిద, అన్నాను.
"సరిగ్గా ఆర్పలేదు. ఇంకా వేడిగానే ఉంది."
బకెట్టు తీసుకుని సరస్సువైపు నడిచాడు,
ఒట్టికాళ్ళతో.
కుళాయి ఆ సైటు పక్కనే ఉంది.